సముద్రం రంగు చూసే హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా: బల్ల మీది మోడల్ డైరీ

చిన్న ఉపగ్రహంలో పట్టేంత హైపర్‌స్పెక్ట్రల్ కెమెరాకి (వెలుగుని ఎన్నో సన్నటి రంగులుగా విడదీసి కొలిచేదానికి) ఇది బల్ల మీది మోడల్. ఇది ఎగరదు. ఎగిరేదాన్ని కట్టే ముందు ఎక్కడెక్కడ దెబ్బతింటామో తెలుసుకుందామని ఇద్దరం కలిసి కట్టుకున్నాం. మొదటి ఫొటో వచ్చిన రోజు సంబరం ఇక్కడ రాయడం లేదు. దానివల్ల ఎవరికీ పని జరగదు. తప్పులు, కొలతలు, ఏం మార్చాం, ఎందుకు మార్చాం, అవే రాస్తాను.

డిజైన్ మాది కాదు. నార్వేలోని ఎన్‌టీఎన్‌యూ విశ్వవిద్యాలయం 2022 జనవరిలో పంపిన హిప్సో-1 ఉపగ్రహం దారే పట్టుకున్నాం: బజారులో దొరికే లెన్సులు, సన్నటి స్లిట్ (వెలుగు దూరే చీలిక), గ్రేటింగ్ (వెలుగుని రంగులుగా విడదీసే గీతల పలక), మామూలు పారిశ్రామిక కెమెరా. ఆ ఉపగ్రహం 6యూ క్యూబ్‌శాట్, అంటే 10 సెం.మీ. ఘనాలు ఆరు కలిపినంత. అంతకుముందు 2018 డిసెంబరులో వెళ్లిన సీహాక్-1 ఇంకా చిన్నది, 3యూ. కానీ దాని కెమెరాని 8 పట్టీల్లోనే (8 రంగుల ముక్కల్లోనే) చూసేలా కట్టారు. క్లోరోఫిల్ ఎంత ఉందో చెప్పడానికి 8 పట్టీలు చాలు. అక్కడున్నది ఏ రకం నాచో, ఏ రకం ప్లవకమో (నీళ్లలో తేలే సూక్ష్మజీవో) విడదీయాలంటే మాత్రం మధ్యలో ఖాళీల్లేని స్పెక్ట్రమ్ (ఏ రంగులో ఎంత వెలుగుందో చూపే గ్రాఫ్) కావాలి.

మా కొలతలు:

1. ముందు లెన్స్, మధ్య లెన్స్ (కాలిమేటర్), సెన్సర్ ముందు లెన్స్: మూడూ 50 మి.మీ., ఎఫ్/2.8, సి-మౌంట్.
2. స్లిట్: వెడల్పు 50 మైక్రాన్లు, పొడవు 7 మి.మీ.
3. గ్రేటింగ్: మి.మీ.కి 300 గీతలు. 600 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగు 10.37 డిగ్రీలు వంగుతుంది కాబట్టి వెనక సగం అంత వంకరగా బిగించాలి.
4. సెన్సర్ పిక్సెల్: 5.86 మైక్రాన్లు. ఒక పిక్సెల్ అంటే 0.384 నానోమీటర్లు.
5. స్లిట్ బొమ్మ సెన్సర్ మీద 8.5 పిక్సెళ్ల వెడల్పు పడుతుంది. అంటే 3.3 నానోమీటర్లు. ఒకే తరంగదైర్ఘ్యమున్న వెలుగు పడినా ఇంతకంటే సన్నటి లైను ఈ కెమెరాలో రాదు.

500 కి.మీ. ఎత్తునుంచి ఈ స్లిట్‌కి 70 కి.మీ. పొడవు, 500 మీటర్ల వెడల్పు పట్టీ కనిపిస్తుంది. ఉపగ్రహం కదులుతుంటే పట్టీ పక్కన పట్టీ పేర్చుకుంటూ పోవడమే.

ఈ డైరీ చదవడానికి ఒక్క సంగతి తెలిస్తే చాలు. పైనుంచి సముద్రాన్ని చూస్తే కెమెరాలోకి వచ్చే వెలుగులో నీళ్ల లోపలినుంచి వచ్చేది సుమారు పదో వంతు, చాలాచోట్ల అంతకన్నా తక్కువే. మిగతాదంతా గాలి చెదరగొట్టింది, నీటి పైపొర మీద మెరిసింది. కెమెరా 1 శాతం తప్పు చెబితే నీటి లెక్కలో అది 10 శాతం అవుతుంది. పొలాల్నీ అడవుల్నీ చూసే కెమెరాకి చెల్లిపోయే తప్పులు ఇక్కడ చెల్లవు.

దశ 1: చీకటి (1–9 రోజులు)

లెన్స్‌కి మూత పెట్టి 200 ఫ్రేములు తీశాం. సగటు 0.0. చీకటంటే సున్నాయే కదా అని మూడు రోజులు దాని జోలికే వెళ్లలేదు. ఆ మూడు రోజులూ వృథా.

అసలు సంగతి ఎక్స్‌పోజర్ పరీక్షలో బయటపడింది. మసక దీపం ముందు ఎక్స్‌పోజర్ రెట్టింపు చేస్తూ పోతే రీడింగు కూడా రెట్టింపు కావాలి. మాకు వచ్చినవి ఇవి (12 బిట్లు, అంటే 0 నుంచి 4095 దాకా):

5 మిల్లీసెకన్లు: 3
10 మిల్లీసెకన్లు: 13
20 మిల్లీసెకన్లు: 33
40 మిల్లీసెకన్లు: 73

మిల్లీసెకనుకి 2 చొప్పున సరిగ్గానే పెరుగుతోంది, కానీ ప్రతిదాంట్లో 7 తక్కువ. కెమెరా సాఫ్ట్‌వేర్‌లో బ్లాక్ లెవెల్ (ప్రతి రీడింగుకీ కలిపే అంకె) సున్నా దగ్గర ఉంది. సున్నాకి కిందికి పోవాల్సినదంతా కత్తిరించి 0 అని రాసేస్తోంది. మూత పెట్టినప్పుడు చూసిన సున్నా చీకటిది కాదు, కత్తెరది.

7 మెట్లే కదా అనిపిస్తుంది. తర్వాత జెట్టీ మీద నీలి రంగు దగ్గర నీటిమీద మాకు వచ్చిన రీడింగు 220. 220లో 7 అంటే 3.2 శాతం. పైనుంచి చూసేటప్పుడు దాన్ని పదింతలు చేసి చూడండి.

మార్చినవి:

1. బ్లాక్ లెవెల్ 40కి పెంచాం. మూత పెడితే ఇప్పుడు సగటు 33. ప్రతి ఫ్రేములోంచి ఇది తీసేస్తాం.
2. గామా ఆపేశాం. ఫొటో కంటికి బాగా కనపడాలని కంపెనీవాళ్లు పెట్టే వంపు అది. కొలతకి పనికిరాదు.
3. ఆటో గెయిన్, ఆటో ఎక్స్‌పోజర్ ఆపేశాం.
4. కెమెరా రీస్టార్ట్ చేస్తే ఈ మూడూ పాత సెట్టింగులకే పోతున్నాయి. అందుకే ప్రతి ఫైలులోనూ ఆ క్షణంలో ఉన్న సెట్టింగులు రాసి పెట్టేలా కోడ్ మార్చాం. ఇది మొదటి రోజే చేయాల్సింది.

ఇంత చేశాక కూడా కింది ఎడమ మూల 3 మెట్లు ఎక్కువ వస్తోంది. మూత ఉంది, గది చీకటి, పైన నల్ల గుడ్డ కప్పాం, అయినా అంతే. టార్చి వేసుకుని పెట్టె చుట్టూ వెతికాం, ఎక్కడా కన్నం లేదు. రెండు రోజులు పోయాయి. మూడో రోజు మా తమ్ముడు (నాతోపాటు పనిచేసే కుర్రాడు) గుడ్డ కింద తల దూర్చి, "అన్నా, ఈ పచ్చ లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుందా?" అన్నాడు. కెమెరా పనిచేస్తోందని చెప్పడానికి దాని వెనక ఉండే బుల్లి ఎల్‌ఈడీ. ఆ వెలుగు పెట్టె లోపలి గోడకి తగిలి సెన్సర్ మీదికి చేరుతోంది. నల్ల టేపు ముక్క అతికించాం. మూల చీకటైపోయింది.

లెక్క: 9 రోజులు. బరువు 1,140 గ్రాములు (మేం పెట్టుకున్న హద్దు 1,600). లైను వెడల్పు ఇంకా కొలవలేదు.

దశ 2: వంకర స్లిట్ (10–17 రోజులు)

పాదరసం దీపం ముందు పెడితే 435.8, 546.1 నానోమీటర్ల దగ్గర నిలువు గీతలు కనపడాలి. కనపడ్డాయి, కాకపోతే గాలికి వాలిన కరెంటు స్తంభాల్లా. 546 గీత పైనుంచి కిందికి 1,190 వరుసల్లో 14 పిక్సెళ్లు పక్కకి జరిగింది. అంటే స్లిట్ 0.67 డిగ్రీలు తిరిగి ఉంది.

ఒక్కో వరుస విడిగా చూస్తే లైను వెడల్పు 3.6 నానోమీటర్లు, బాగానే ఉంది. వరుసలన్నీ కలిపితే 6కి పైనే. నేను మొదట కలిపిన స్పెక్ట్రమే చూసి ఫోకస్ తప్పిందనుకున్నాను. నాలుగు రోజులు లెన్సులు తిప్పి, బాగున్న ఫోకస్‌ని చేతులారా పాడుచేసుకున్నాను. అసలు చేయాల్సిన క్రమం ఇది:

1. ముందు ఒక్క నడిమి వరుసలో మాత్రమే ఫోకస్ సరిచేయాలి.
2. ఆ తర్వాత పై, నడిమి, కింది వరుసల్లో గీత ఏ పిక్సెల్ మీద ఉందో రాసుకోవాలి.
3. స్లిట్ గొట్టం మర సడలించి కొద్దికొద్దిగా తిప్పాలి. చేత్తో తిప్పితే ఎప్పుడూ ఎక్కువే తిరుగుతుంది. మేం గొట్టానికి 12 సెం.మీ. కడ్డీ బిగించి, కడ్డీ కొసని జరిపాం. కొస 1.4 మి.మీ. జరిపితే పనైపోయింది.
4. బిగించేటప్పుడు మళ్లీ తిరుగుతుంది. బిగించాక మళ్లీ కొలవాలి.

మిగిలిన వాలు 1.5 పిక్సెళ్లు. దాన్ని సాఫ్ట్‌వేర్‌కి వదిలేశాం.

లెక్క: 17 రోజులు. క్లాంపుతో కలిపి 1,152 గ్రాములు. లైను వెడల్పు: ఒక్క వరుసలో 3.6, అన్నీ కలిపితే 4.3.

దశ 3: స్మైల్ (18–24 రోజులు)

వాలు పోయాక మిగిలింది వంపు. గీత నిటారుగా లేదు, బ్రాకెట్‌లా వంగి ఉంది. దీన్ని స్మైల్ అంటారు. బిగింపు తప్పు కాదిది, గ్రేటింగ్ స్వభావమే అంత. స్లిట్ అంచునుంచి వచ్చే వెలుగు 4 డిగ్రీలు ఏటవాలుగా గ్రేటింగ్‌కి తగులుతుంది, అందుకని కాస్త ఎక్కువ వంగుతుంది. లెక్క వేస్తే అంచుల్లో తేడా తరంగదైర్ఘ్యంలో 0.24 శాతం రావాలి. 546 దగ్గర 3.5 పిక్సెళ్లు, మాకు వచ్చింది 3.4. ఆర్గాన్ 763.5 గీత దగ్గర లెక్క ప్రకారం 4.8, వచ్చింది 5.1. లెక్కకీ కొలతకీ ఇంత దగ్గరగా కుదరడం ఈ డైరీ మొత్తంలో ఈ ఒక్కసారే.

పట్టించుకోకపోతే ఏమవుతుంది? బతికున్న ప్లవకాల క్లోరోఫిల్ 685 నానోమీటర్ల దగ్గర ఎర్రగా మెరుస్తుంది. దాని పక్కనే, 687 దగ్గర, గాలిలోని ఆక్సిజన్ వెలుగుని మింగేసే చోటు ఉంది. 685 దగ్గర మా స్మైల్ 1.7 నానోమీటర్లు. అంటే బొమ్మ నడుమ మెరుపులా కనిపించేది అంచుల్లో ఆక్సిజన్ గుంటలో పడిపోతుంది. మ్యాపులో రెండు పక్కలా ప్లవకాలు లేని చారలు వస్తాయి. ఎవరైనా దాన్ని సముద్ర ప్రవాహం అనుకుని వ్యాసం రాసినా రాయొచ్చు.

పాదరసం, ఆర్గాన్ గీతలు ఏడింటిని ప్రతి వరుసలోనూ వెతికి, ఒక్కోదానికి రెండో ఘాతం వక్రరేఖ సరిపెట్టి, ఆ పట్టికతో వరుసల్ని జరిపాం. మొదట దగ్గరి పూర్తి పిక్సెల్‌కి సర్ది జరిపితే చారలు వచ్చాయి. పిక్సెల్ మధ్యలో విలువ తీసుకునేలా మార్చాక పోయాయి.

దీనికి తోడు కీస్టోన్ అని ఇంకోటి ఉంటుంది: ఒకే చుక్క నీలంలో ఒక వరుస మీద, ఎరుపులో వేరే వరుస మీద పడటం. స్లిట్ ముందు సన్నటి దారాలు కట్టి కొలిచాం. 1.1 పిక్సెళ్లు. రెండేసి వరుసలు ఎలాగూ కలుపుతాం కాబట్టి వదిలేశాం.

లెక్క: 24 రోజులు. బరువు అంతే. లైను వెడల్పు అన్ని వరుసలూ కలిపి 3.7.

దశ 4: రెండో ఆర్డర్ (25–29 రోజులు)

405 నానోమీటర్ల ఊదా ఎల్‌ఈడీ టార్చి చూపిస్తే 405 దగ్గర ఒక గీత, 810 దగ్గర ఇంకో గీత. రెండోది మొదటిదాంట్లో 12 శాతం. గ్రేటింగ్ అన్నాక ఇది తప్పదు: గ్రేటింగ్ అదే వెలుగులో కొంత భాగాన్ని రెట్టింపు వంచుతుంది, దాన్నే రెండో ఆర్డర్ అంటారు. 400 నానోమీటర్ల వెలుగు రెండో ఆర్డర్‌లో 800 చోట వచ్చి కూర్చుంటుంది. ఆకాశంలో 380–400 వెలుగు దండిగా ఉంటుంది, అదంతా 760–800 మీద పడుతుంది. ఆ చివరే మనకి చాలా ముఖ్యం. సముద్రం అక్కడ దాదాపు నల్లగా ఉంటుందనుకుని, అక్కడ కనిపించిన వెలుగంతా గాలిదేనని లెక్కగట్టి తీసేస్తారు. దొంగ వెలుగు అక్కడ చేరితే గాలి లెక్క మొత్తం తప్పుతుంది.

చేతికి దొరికిందని 450 నానోమీటర్ల కింద ఆపేసే ఫిల్టర్ పెట్టాను. దొంగ వెలుగు పోయింది. దాంతోపాటు 443 పోయింది, అంటే క్లోరోఫిల్ ఎక్కువగా మింగేది ఎక్కడో ఆ చోటే. 412 కూడా పోయింది, అంటే నీళ్లలో కరిగిన ఆకుల కషాయంలాంటి పసుపు పదార్థాన్ని క్లోరోఫిల్ నుంచి విడదీసే ఆధారం. రోగం పోగొట్టబోయి రోగినే పోగొట్టుకున్నట్టయింది. దాన్ని తీసేసి 400 దగ్గర ఆపేదాన్ని పెట్టాం. దాని అంచు కత్తితో కోసినట్టుండదు: 412 దగ్గర పదో వంతు తగ్గుతుంది. కాలిబ్రేషన్‌లో సర్దుకుంటుంది. అటు చివర 790 దాటినది వాడకూడదని నిర్ణయించాం.

లెక్క: 29 రోజులు. 1,161 గ్రాములు.

దశ 5: అడ్డదారి వెలుగు (30–41 రోజులు)

ఎక్కువ కాలం తిన్నది ఇదే, ఎక్కువ నేర్పిందీ ఇదే.

పరీక్ష చాలా తేలిక, ఇంట్లో ఎవరైనా చేయొచ్చు. హాలోజన్ దీపం ముందు 550 నానోమీటర్ల కింద అంతా ఆపేసే ఫిల్టర్ పెట్టాలి. ఇప్పుడు 450 దగ్గర ఏమీ కనిపించకూడదు. మాకు శిఖరంలో 2.1 శాతం కనిపించింది. హాలోజన్ దీపంలో ఎరుపు ఎక్కువ, నీలం తక్కువ. అలాంటి దీపంతో కాలిబ్రేట్ చేసి నీలి సముద్రాన్ని కొలిస్తే తప్పు రెండు వైపులనుంచీ పోగవుతుంది.

ఎక్కడినుంచి వస్తోంది? గ్రేటింగ్ దగ్గర వంగకుండా సూటిగా పోయే వెలుగు ఉంటుంది. అది 10 డిగ్రీల పక్కగా పోయి, సెన్సర్ లెన్స్ గొట్టం లోపలి అంచుకి తగిలి, అక్కడినుంచి అంతటా చిందుతోంది. మా పెట్టె త్రీడీ ప్రింటర్‌లో తీసిన నల్ల ప్లాస్టిక్. నల్లగానే ఉంది కదా, మింగేస్తుందిలే అనుకున్నాం. అనుమానంతో ఆ ప్లాస్టిక్ ముక్కనే మా కెమెరా ముందు పెట్టి స్పెక్ట్రమ్ తీశాం. 550 దగ్గర 5 శాతం వెలుగు వెనక్కి కొడుతోంది. 780 దగ్గర 22 శాతం! మన కంటికి నలుపే, ఆ ఎరుపు అవతల మాత్రం బూడిద రంగు. మసి కలిపిన నలుపు వేరు, రంగు అద్దిన నలుపు వేరు. అల్యూమినియానికి నల్ల అనోడైజింగ్ చేయించినా ఇదే చిక్కు వస్తుంది. ఏదైనా కొనే ముందు ముక్క అడిగి తెచ్చుకుని కొలుచుకోండి.

చేసినవి, వాటి ఫలితం (450 దగ్గర మిగిలిన దొంగ వెలుగు):

1. సూటి వెలుగు తగిలే చోట వాలుగా చిన్న గోడ, దాని వెనక గుంట: 2.1 నుంచి 1.2 శాతానికి.
2. లోపలంతా మసి కలిసిన మ్యాట్ పెయింటు: 0.8.
3. లెన్సుల మధ్య మూడు కంఠాలు, అంటే వెలుగు పోయే దారికన్నా 1 మి.మీ. పెద్ద కన్నమున్న పలకలు: 0.4.
4. నాలుగో కంఠం: మార్పు లేదు. తీసేశాం.

నూగు ఉండే నల్ల కాగితం అతికిస్తే 0.3కి కూడా వచ్చింది. కానీ ఊగినప్పుడు దాని నూగు రాలి స్లిట్‌లో పడితే బొమ్మ పొడవునా నల్ల గీత వస్తుంది. బల్ల మీద ఒకసారి పడనే పడింది, సూది మొనతో తీశాం. అంతరిక్షంలో సూది పట్టుకెళ్లి తీసేదెవరు? కాగితం వద్దనుకున్నాం.

లెక్క: 41 రోజులు. 1,199 గ్రాములు. దొంగ వెలుగు 0.4 శాతం.

దశ 6: పోలరైజేషన్ (42–44 రోజులు)

ఆకాశపు వెలుగు పోలరైజ్ అయి ఉంటుంది (దాని తరంగాలు ఎక్కువగా ఒకే దిక్కులో ఊగుతాయి), గ్రేటింగ్ దాన్ని దిక్కుని బట్టి ఎక్కువో తక్కువో పంపుతుంది. దీపం ముందు పోలరైజర్ పెట్టి 45 డిగ్రీల చొప్పున తిప్పాం. 450 దగ్గర 6 శాతం ఊగింది, 750 దగ్గర 14. సరిచేసే గాజు ముక్క పెట్టడానికి పెట్టెలో చోటు లేదు. కొలిచి పట్టికలో రాసి ఊరుకున్నాం. ఇది ఇంకా తీరని సమస్యే.

దశ 7: జెట్టీ మీద (45–58 రోజులు)

ఉపగ్రహంలో ఉపగ్రహమే కదులుతుంది. ఇక్కడ మోటారు బల్ల మీద కెమెరాని తిప్పాలి. పద్ధతి సముద్ర శాస్త్రవేత్తలు వాడేదే: నీటిని నిటారు కిందినుంచి 40 డిగ్రీల కోణంలో, సూర్యుడి దిక్కునుంచి 135 డిగ్రీలు పక్కకి తిరిగి చూడాలి. అదే దిక్కులో ఆకాశాన్ని నడినెత్తినుంచి 40 డిగ్రీల దగ్గర చూడాలి. ఆకాశం రీడింగులో 0.028 వంతు నీటి రీడింగులోంచి తీసేయాలి. గాలి సెకనుకి 5 మీటర్ల లోపుంటేనే ఈ 0.028 పనికొస్తుంది.

ఒక్కో సెట్టు: తెల్ల పలక (ఎండ ఎంత పడుతోందో తెలియడానికి), ఆకాశం, నీరు, మళ్లీ తెల్ల పలక. మొత్తం 64 సెట్లు తీశాం. 41 పారేశాం.

పారేసిన వాటిలో 17 మబ్బుల ఖాతా. మొదటి పలకకీ రెండో పలకకీ 3 శాతం కన్నా ఎక్కువ తేడా వస్తే తీసి పక్కన పెట్టడమే. ఒకసారైతే 11 శాతం వచ్చింది, పైకి చూస్తే మబ్బు ఉందన్న సంగతే తెలియలేదు. ఇంకో 6 నా చొక్కా ఖాతా. తెల్ల చొక్కా వేసుకుని పలక పక్కన నిలబడ్డాను. పలక మీద పడే వెలుగు పెరిగింది. ముదురు బట్టలు వేసుకోండి, పలకకి దూరంగా నిలబడండి. నవ్వొస్తుంది కానీ ఒక పూటంతా పోయింది.

మిగిలిన 18 మొదట బాగానే ఉన్నాయనుకున్నాం. గ్రాఫ్ గీస్తే 412 దగ్గర నీటి ప్రతిఫలనం మైనస్ 0.0004. నీళ్లలోంచి మైనస్ వెలుగు రాదు. ముందు చీకటి ఫ్రేముల్ని అనుమానించాం, తర్వాత ఫిల్టర్‌ని. రెండు రోజుల తర్వాత మౌంట్‌కి ఉన్న కోణమాపకం చూస్తే అర్థమైంది. అది క్షితిజం నుంచి కొలుస్తుంది. 40 అని పెట్టి ఆకాశంలో చూసింది నడినెత్తినుంచి 50 డిగ్రీల చోటు. కిందికి పోయేకొద్దీ ఆకాశం తెల్లబడుతుంది, ఆ రోజుల్లో అక్కడ పల్చటి మబ్బు కూడా పరుచుకుని ఉంది. ఎక్కువ వెలుగున్న ఆకాశాన్ని తీసేసరికి నీలం సున్నాకి కిందికి పోయింది. ఆ 18 కూడా పారేసి, మౌంట్ మీద పెద్ద అక్షరాలతో "నెత్తినుంచి" అని రాశాం. తర్వాత తీసిన 23 సెట్లలో 412 దగ్గర 0.0005 వచ్చింది.

నీటి మెరుపులకి ఒక చిట్కా. అలల మీద ఎండ తళుక్కుమన్న పిక్సెళ్లు సగటుని పైకి లాగేస్తాయి. ఒక్కో సెట్టులో 780 దగ్గర తక్కువ వెలుగున్న 20 శాతం పిక్సెళ్లే తీసుకున్నాం. 765 దగ్గర మిగులు 0.0021 నుంచి 0.0006కి దిగింది. ఉపగ్రహాల్లో కూడా ఈ మెరుపుతో తంటాలే. 1997లో వెళ్లిన సీవిఫ్స్ అనే సముద్రపు రంగు చూసే పరికరం దీన్ని తప్పించుకోవడానికి ముందుకీ వెనక్కీ 20 డిగ్రీలు వంగి చూసేది.

చివరికి వచ్చిన స్పెక్ట్రమ్: 560 చుట్టూ గుట్ట (0.0085), 675 దగ్గర క్లోరోఫిల్ గుంట, దాని పక్కన 685 దగ్గర చిన్న బొడిపె. ఆ బొడిపె చూడటానికే ఇన్ని రోజులు.

ఇంకోటి బయటపడింది. ఆక్సిజన్ గుంట 760 దగ్గర ఎక్కడ ఉండాలో అక్కడ లేదు, 0.6 నానోమీటర్లు జరిగి ఉంది. ల్యాబ్ కన్నా జెట్టీ మీద కెమెరా 9 డిగ్రీలు వేడిగా ఉంది, ప్లాస్టిక్ పెట్టె సాగింది. అప్పటినుంచి ప్రతి సెట్టులో ఆక్సిజన్ గుంటనీ, సూర్యుడి హైడ్రోజన్ గీతలనీ (486.1, 656.3) వెతికి తరంగదైర్ఘ్యం సరిచేస్తున్నాం. పైకి పాదరసం దీపం పట్టుకెళ్లలేం. ఈ గీతలైతే ఎండతోపాటే ఉచితంగా వస్తాయి.

లెక్క: 58 రోజులు. 64 సెట్లలో పనికొచ్చినవి 23.

దశ 8: డేటా (59–62 రోజులు)

తొమ్మిదేసి పిక్సెళ్లు కలిపితే 120 పట్టీలు. వరుసలు రెండేసి కలిపితే 595. వెయ్యి గీతల బొమ్మకి 7.14 కోట్ల సంఖ్యలు, 12 బిట్ల చొప్పున 857 మెగాబిట్లు. సెకనుకి 1 మెగాబిట్ పంపే రేడియో అయితే 14 నిమిషాలు. ఉపగ్రహం తల మీదుగా పోయే సమయం బాగా కుదిరినా పది నిమిషాలే. సీసీఎస్‌డీఎస్-123 పద్ధతిలో ఏమీ పోకుండా కుదిస్తే మా జెట్టీ బొమ్మలు 2.1 రెట్లు తగ్గాయి. అప్పుడు 7 నిమిషాలు.

స్మైల్ కూడా పైనే సరిచేసి పంపుదామని తమ్ముడు అన్నాడు. వద్దన్నాను. కెమెరా పైన ఎలా మారుతుందో ముందే తెలియదు. తప్పు పట్టికతో ఒకసారి కలిపేసిన పిక్సెళ్లని మళ్లీ విడదీయలేం.

దశ 9: వణుకు (63–75 రోజులు)

రాకెట్‌లో ప్లాస్టిక్ పెట్టె కుదరదు, వేడికి సాగడం ఎలాగూ చూశాం. అల్యూమినియం పలకతో మళ్లీ కట్టాం. బరువు ఒక్కసారి 310 గ్రాములు పెరిగింది.

వణుకు బల్ల మీద మూడు దిక్కుల్లో ఊపాక లైను వెడల్పు 3.6 నుంచి 4.9కి పోయింది. విప్పి చూస్తే ఏదీ విరగలేదు. సెన్సర్ లెన్స్ మర సుమారు పావు చుట్టు సడలింది. సి-మౌంట్ మర ఒక చుట్టుకి 0.79 మి.మీ. జరుగుతుంది. పావు చుట్టు అంటే 0.2 మి.మీ. ఎఫ్/2.8 దగ్గర అది 70 మైక్రాన్ల మసక, స్లిట్ వెడల్పుకన్నా ఎక్కువ.

1. లెన్స్‌కి ఉండే బుల్లి లాక్ స్క్రూలని నమ్మొద్దు. మూడింట్లో రెండు చేత్తో తిరిగాయి.
2. ఫోకస్ రింగు, ఎపర్చర్ రింగు రెండింటికీ ఎపాక్సీ చుక్కలు. ఎపాక్సీ ఎంచుకునేటప్పుడు శూన్యంలో ఎంత ఆవిరవుతుందో చూడాలి: మొత్తం బరువులో 1 శాతం లోపు, తిరిగి గాజు మీద పేరుకునేది 0.1 శాతం లోపు ఉండాలి.
3. లెన్స్ మరల్లో కంపెనీ పెట్టిన గ్రీజు మొత్తం కడిగేయాలి. అది ఆవిరై స్లిట్ మీద, సెన్సర్ మీద పేరుకుంటుంది.
4. ప్రతి లెన్స్ కింద ఒక దిమ్మె.

మళ్లీ ఊపాం. 3.6 దగ్గరే నిలిచింది.

లెక్క: 75 రోజులు. దిమ్మెలతో 1,573 గ్రాములు. హద్దుకి 27 గ్రాములు మిగిలాయి.

దశ 10: శూన్యం (76–88 రోజులు)

కిటికీ ఉన్న శూన్య గదిలో పెట్టి గాలి తీసేశాం. పాదరసం గీత వెడల్పు 3.6. ఏమీ మారలేదనుకుని గది తెరవబోయాం. కీస్టోన్ కోసం కట్టిన దారాలు ఇంకా ముందే ఉన్నాయి, ఊరికే చూద్దామని చూశాం. గాలిలో 3 పిక్సెళ్లున్న దారం అంచు ఇప్పుడు 7 పిక్సెళ్లు.

తప్పు కొలత పట్టుకుని కూర్చున్నాం. స్లిట్ 8.5 పిక్సెళ్ల వెడల్పు కాబట్టి ఐదు పిక్సెళ్ల మసక దానిలో దాక్కుంటుంది. లైను వెడల్పు కదలదు. నేల మీది బొమ్మ పదును మాత్రం సగానికి పైగా పోతుంది. కారణం గాలి: గాలి లేకపోతే గాజు వెలుగుని రవ్వంత ఎక్కువ వంచుతుంది. సాదా 50 మి.మీ. లెన్స్‌కైతే ఫోకస్ సుమారు 40 మైక్రాన్లు దగ్గరికి వస్తుంది. మధ్య లెన్స్‌లో ఒకసారి, సెన్సర్ లెన్స్‌లో ఒకసారి, రెండూ కలుస్తాయి.

ఎపాక్సీ పెట్టేశాం కాబట్టి రింగులు తిరగవు. లెన్స్‌కీ సెన్సర్‌కీ మధ్య ఉన్న రేకులు తీసి సెన్సర్‌ని దగ్గరికి జరపడమే దారి. గది మూడుసార్లు తెరిచాం:

1. 0.10 మి.మీ. రేకు తీస్తే: దారం అంచు 5 పిక్సెళ్లు, అటువైపు దాటిపోయింది.
2. 0.05 తీస్తే: 4.
3. 0.07 తీస్తే: 3. ఆపేశాం.

లెక్క: 88 రోజులు. 1,572 గ్రాములు.

ఇప్పుడు ఈ కెమెరా శూన్యంలోనే పదునుగా చూస్తుంది. బల్ల మీద పెట్టి చూపిస్తే మసకే. వచ్చినవాళ్లందరూ, ఫోకస్ పోయినట్టుంది అంటూ లెన్స్ మీద చెయ్యి వేయబోతున్నారు. అందుకని మూత మీద కాగితం అతికించాం: "మసకగానే ఉండాలి. ముట్టుకోవద్దు."